తేదీ తెలియని మనిషి సంగతి

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో ఏర్పాటైందో ఆయన మీద పొగడ్తలు వద్దనీ, విషయం మాట్లాడితే చాలనీ ఇంటివాళ్ళు ముందే చెప్పారు. స్మారకోపన్యాసం చేసేవాడికి ఇంతకంటే అదృష్టం ఉండదు. నేరుగా వస్తున్నాను.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం పేరుతో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పగలంతా పొగాకు బ్యారన్ల దగ్గర కర్రలకు ఆకు కట్టి, చేలల్లో కలుపు తీసి, రాత్రి లాంతరు దగ్గర పలక పట్టిన ఆడవాళ్ళు అప్పుడు ఈ ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో వేలల్లో ఉన్నారు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటివాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ సంగతి కొత్తగా చదువు నేర్చినవాళ్ళ పుస్తకంలో పాఠమైంది, పాఠం ఉద్యమమైంది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగిపోయింది. ఈ కథ మీకు నేను చెప్పాల్సింది కాదు. ఇక్కడ కూర్చున్న కొందరు సారా పాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టినవాళ్ళే. ఎందుకు ఎత్తానంటే, ఆ రోజు ముప్పై అయిదేళ్ళున్న మనిషికి ఇప్పుడు దాదాపు డెబ్బై ఏళ్ళు. ఆ తరం డిమెన్షియా వచ్చే వయసులోకి అడుగుపెట్టింది. రేపు వాళ్ళలో ఒకామె కోడలి పేరు మరిచి, ఇంట్లో ఉంటూనే ఇంటికి పోవాలని బయల్దేరితే, మనం ఆమెను ఎవరనుకుని చూసుకుంటాం? ఈ సాయంత్రం నా ప్రశ్న అంతే.

డిమెన్షియా అన్నది ఒక్క జబ్బు కాదు. అల్జీమర్స్ వల్ల కావచ్చు, మెదడు రక్తనాళాలు దెబ్బతిని కావచ్చు, ఇంకా వేరే కారణాలూ ఉన్నాయి. జ్ఞాపకం, మాట, దారి, డబ్బు లెక్క ఒక్కొక్కటే సడలి, చివరకు స్నానం, తిండి కూడా ఇంకొకరు చూడాల్సి వస్తుంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానా అని వెతుక్కోవడం వయసు. కళ్ళజోడు చేతిలో పట్టుకుని ఇదేంది అని అడగడం జబ్బు. 2023లో వెలువడిన జాతీయ అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటిన ప్రతి వందమందిలో 7.4 మందికి ఇది ఉంది. మొత్తం 88 లక్షల మంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో, పట్నాలకంటే పల్లెల్లో, చదివినవాళ్ళకంటే చదువు లేనివాళ్ళలో ఎక్కువ. దేశపు సగటును తెచ్చి సీతారామపురానికో మర్రిపాడుకో అంటించలేం కానీ, ఈ మూడూ కలిసే చోటు ఏదంటే మాత్రం ఉదయగిరి, ఆత్మకూరు మెట్టను చూపించవచ్చు. పిల్లలు బెంగళూరు, చెన్నై, హైదరాబాదు, గల్ఫు పోయి, ఇళ్ళల్లో ముసలివాళ్ళు మిగిలిన పల్లెలు ఇవి.

జబ్బును గుర్తించడం దగ్గరే మనకో చిక్కుంది. ప్రపంచమంతా వాడే పరీక్ష 1975 నాటిది, ముప్పై మార్కులకు. ఇవాళ తేదీ ఎంత, ఏ నెల, నూటిలోంచి ఏడు తీసేస్తూ పో, ఒక వాక్యం రాయి, ఈ బొమ్మ చూసి గియ్యి అంటారు. కార్తెలతో, అమావాస్య పున్నాలతో సంవత్సరం గడిపిన మనిషిని పట్టుకుని తేదీ అడిగితే, జబ్బు లేకపోయినా తప్పుతుంది. హర్యానాలోని బల్లబ్‌గఢ్‌లో 1990లలో చదువు రాని వృద్ధుల కోసం ఈ పరీక్షను హిందీలో తిరగరాశారు. తర్వాత ఐసీఎంఆర్ తెలుగుతో సహా అయిదు భాషల్లో పరీక్షల సంపుటి తయారు చేసింది. మంచిదే. కానీ ఏ పరీక్షకైనా ముందు అడగవలసింది ఇంట్లోవాళ్ళను: రెండేళ్ళ కిందట చేసిన ఏ పని ఇప్పుడు చెయ్యలేకపోతోంది? పాలకేంద్రం లెక్క తనే చూసుకునే మనిషి ఇప్పుడు చూసుకోలేకపోతే, అది ముప్పై మార్కులకంటే నిజమైన కబురు.

ఇక్కడొక ఆసక్తికరమైన సంగతి. 2013లో డాక్టర్ సువర్ణ అల్లాడి, హైదరాబాదు నిమ్స్‌లోని ఆమె సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు ప్రచురించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది. బడి మెట్టు ఎక్కనివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. ఇంట్లో ఉర్దూ, బజారులో తెలుగు మాట్లాడే ఉదయగిరి వృద్ధులను చూసినప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. రెండు భాషలు జబ్బును ఆపుతాయని చెప్పలేం. ఆలస్యం చేస్తే చేయవచ్చు. చెవుడుకు మిషన్, బీపీకి మాత్ర, కంట్లో శుక్లానికి ఆపరేషన్ ఇంకా భరోసా ఉన్న దారులు. 2024లో లాన్సెట్ కమిషన్ దిద్దుకోగలిగిన కారణాలు 14 చెప్పింది. వాటిలో ఇవి మూడూ ఉన్నాయి, చిన్నప్పుడు చదువు అందకపోవడం కూడా ఉంది.

ఇక అసలు విషయం. వ్యక్తి కేంద్రిత సంరక్షణ అని పెద్ద మాట ఒకటుంది. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ దీన్ని నిలబెట్టాడు. 1997లో ఆయన పుస్తకం ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’ వచ్చింది, మరుసటి ఏడే ఆయన పోయాడు. ఆయన చెప్పింది ఇది: మనిషి దిగజారడానికి మెదడులోని జబ్బు ఒక్కటే కారణం కాదు, చుట్టూ ఉన్నవాళ్ళు నడుచుకునే తీరు కూడా ఆ దిగజారుడులో భాగం. ఎవరూ చెడ్డతనంతో చెయ్యరు, అయినా చేస్తారు. అలాంటి తీరులు 17 రాశాడాయన. కొన్ని మన ఇళ్ళల్లో చూడండి. సంచి చేతికిచ్చి "పెళ్ళికి పోదాం రా" అని చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్ళడం. అన్నం కలుపుకోగలిగిన మనిషికి ఆలస్యమవుతుందని మనమే ముద్దలు పెట్టడం. గబగబా నాలుగు మాటలు ఒక్కసారే చెప్పి, అర్థం కాకపోతే విసుక్కోవడం. ఆమె ఎదురుగానే "రాత్రి పక్క తడిపేసింది" అని పొరుగింటామెతో చెప్పడం. పేరు అడిగి, తప్పు చెప్తే పిల్లలంతా నవ్వడం. డాక్టరు దగ్గరికొచ్చాక డాక్టరు కొడుకుతో మాట్లాడటం, కొడుకు డాక్టరుతో మాట్లాడటం, జబ్బు మనిషి గోడ మీద క్యాలెండరు చూస్తూ కూర్చోవడం. ఈ చివరిది మా వృత్తిలోవాళ్ళ వంతు.

దీనికి ఎదురుగా కిట్‌వుడ్ పెట్టినవి అయిదు అవసరాలు: ఊరట, అనుబంధం, నలుగురిలో చోటు, చేతికి పని, తను ఎవరన్న ఎరుక. మధ్యలో ప్రేమ. వినడానికి మెత్తగా ఉంది. నెల్లూరు మనుషులం కాబట్టి మనం అడిగేది ఒక్కటే: ఇదంతా చేస్తే పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ కొద్దిగా. ఆ కొద్ది ఎంతో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ విషయం మీద మాట్లాడేవాళ్ళు సాధారణంగా ఇక్కడే కళ్ళు మూసుకుని పరుగెడతారు. 2006లో ఇంగ్లండులోని 12 నర్సింగ్ హోముల్లో ఒక ప్రయోగం జరిగింది. సగం చోట్ల సిబ్బందికి ఈ తీరులో శిక్షణ ఇచ్చారు, సగం చోట్ల ఇవ్వలేదు. ఏడాది తర్వాత మామూలు హోముల్లో నూటికి 42 మంది మనిషిని మందంగా చేసే మానసిక రోగాల మందులు మింగుతున్నారు. శిక్షణ పొందినచోట 23 మంది. మందులు తగ్గాయని రోగుల్లో గలాటా పెరగలేదు. నాకు ఈ ఒక్క ఫలితం చాలు. ఆ మందులు మామూలువి కావు. డిమెన్షియా ఉన్నవాళ్ళలో చావు ముప్పు పెంచుతాయని 2005లోనే అమెరికా హెచ్చరించింది. 2009లో బ్రిటన్ ప్రభుత్వానికి అందిన నివేదిక లెక్క చూడండి: ఏడాదికి 1,80,000 మంది డిమెన్షియా రోగులకు ఈ మందులు ఇస్తున్నారు, మేలు జరిగేది 36,000 మందికి, అదనంగా పోతున్న ప్రాణాలు 1,800. మనకు అలాంటి లెక్క చేతిలో లేదు. రాత్రి నిద్ర పోనివ్వడం లేదని అడిగితే మందుల షాపువాడే ఒక షీటు మాత్రలు ఇచ్చి పంపే చోట, లెక్క తక్కువగా ఉంటుందని నేననుకోను.

2009లో ఆస్ట్రేలియా నుంచి 15 హోములు, 289 మందితో ఇంకొక ప్రయోగం వచ్చింది. మనిషి తీరును తెలుసుకుని చూసుకున్నచోట ఆందోళన, కేకలు, తోపులాట తగ్గాయి. కానీ బతుకు నాణ్యత కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇంకో సంగతి: వ్యక్తి కేంద్రిత సంరక్షణ అందినవాళ్ళు కిందపడటం కొంచెం పెరిగింది. కారణం వాళ్ళు తేల్చలేదు కానీ నాకు తోచేదేమంటే, కట్టి కూర్చోబెట్టకపోతే మనిషి లేచి నడుస్తుంది, నడిచే మనిషే పడుతుంది. ఆ ప్రమాదం ఎంతవరకు ఒప్పుకోవాలో ఏ ఇంటికి ఆ ఇల్లు కూర్చుని మాట్లాడుకోవలసిందే.

2018లో వచ్చింది వీటిలో పెద్దది: 69 హోములు, 847 మంది, తొమ్మిది నెలలు. బతుకు నాణ్యత కొంచెం మెరుగైంది, ఆందోళన తగ్గింది, మామూలు సంరక్షణకంటే ఖర్చు కూడా తగ్గింది. అందులో ఉన్న రహస్యం ఏమిటో తెలుసా? వారానికి ఒక గంట, ఆ మనిషికి ఇష్టమైన పనో మాటో పెట్టుకుని ఒకరు పక్కన కూర్చోవడం. ఇక 2020లో 50 హోముల్లో ఇలాంటిదే మరో పద్ధతి పరీక్షిస్తే ఏ లాభమూ తేలలేదు. ఎందుకని చూస్తే, చాలా హోముల్లో ఆ పద్ధతి అనుకున్నట్టు అమలే కాలేదు. సిబ్బంది మారిపోయారు, టైము లేదు, కాగితాలు నింపారు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇది వింతగా తోచదు. ఒకసారి శిక్షణ ఇచ్చి, బ్యానరు ముందు ఫోటో తీయించుకుని వెళ్ళిపోతే ఇది నిలవదు. వారం వారం వెనకాల ఒకరు ఉండాలి.

అయితే ఇవన్నీ హోముల కథలు. ఉదయగిరిలో, దుత్తలూరులో, అనంతసాగరంలో హోము అంటే ఇల్లే, సిబ్బంది అంటే కోడలు. కాబట్టి మనకు దగ్గరి సాక్ష్యం గోవాది. అక్కడి రెండు తాలూకాల్లో 81 కుటుంబాలతో జరిగిన ప్రయోగం 2008లో అచ్చయింది. డాక్టర్లు కాదు, నర్సులు కాదు, పన్నెండో తరగతి చదివిన స్థానికులకు శిక్షణ ఇచ్చి, కనీసం రెండు వారాలకొకసారి ఇళ్ళకు పంపారు. వాళ్ళు చేసిన పని: జబ్బేమిటో చెప్పడం, ఏ గోలకు ఎలా స్పందించాలో చూపించడం, ఇంట్లో మిగతావాళ్ళు పని పంచుకునేలా మాట్లాడటం, అవసరమైతే డాక్టరుకు చెప్పడం. ఆరు నెలలకు చూసుకునేవాళ్ళ మానసిక ఆరోగ్యం స్పష్టంగా మెరుగుపడింది. రోగి ప్రవర్తనలో మార్పు కనిపించింది కానీ గట్టిగా రుజువు కాలేదు. నిరాశ పడకండి. మన ఇళ్ళల్లో ముందు విరిగిపోయేది కోడలే. ఆమె నిలబడితే అత్త నిలబడుతుంది.

మనకంటూ ఒక వెసులుబాటు కూడా ఉంది. బ్రిటన్‌లో హోములో చేరిన మనిషి ఎవరో సిబ్బందికి తెలియదు. అందుకే అక్కడ జీవిత కథ పుస్తకం రాస్తారు: ఏం పని చేసింది, ఏం ఇష్టం, ఎవరిని పోగొట్టుకుంది. ఇక్కడ ఆ కథ ఊరికంతా తెలుసు. తెలిసినా వాడుకోం. ఉదయగిరి కొయ్య గరిటెల పని చూడండి. భౌగోళిక గుర్తింపు దక్కిన పని, దుర్గం కొండల చెక్కతో చేస్తారు, ఎక్కువగా ముస్లిం ఇళ్ళల్లోని ఆడవాళ్ళు. ముప్పై నలభై ఏళ్ళు చెక్క మీద నడిచిన చెయ్యి, తలలోని జ్ఞాపకం పోయాక కూడా చాలాకాలం ఆ పని మరవదు. చేతికి అబ్బిన విద్య మెదడులో వేరే దారుల్లో ఉంటుంది. అలాంటి నానీకి మతి తప్పిందని ఉలి, ఆకురాయి అన్నీ అటక మీద పెట్టేసి ఖాళీ చేతులతో కూర్చోబెడితే, ఆ చేతులు చీర అంచు పీకుతాయి, మంచం పట్టె గీరుతాయి, అప్పుడు మనం మాత్ర ఇస్తాం. ఉలి తీసెయ్యండి, సరే. ఉప్పుకాగితం, సగం అయిన ఒక గరిటె ఇవ్వండి. నున్నగా రుద్దనివ్వండి. అది అమ్మకానికి పనికొస్తుందా రాదా అన్నది తర్వాతి మాట. పొగాకు కట్టిన చేతికి పురికొస ఇవ్వండి. వేరుశనక్కాయలు వలిచిన చేతికి కాయలు ఇవ్వండి, పొట్టు, గింజ కలిసిపోయినా ఫర్వాలేదు. జబ్బు ముదిరి, తిన్నది గొంతులో ఇరుక్కునే మనిషైతే గింజలు వద్దు, దగ్గర ఒకరు ఉండాలి.

కొన్నిచోట్ల పడమటి పాఠం మనకు అచ్చంగా సరిపోదు. మనిషిని పేరు పెట్టి పిలవండి అంటాయి వాళ్ళ పుస్తకాలు. మనం పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలుస్తామా? ఆమె యాభై ఏళ్ళుగా ఫలానావాళ్ళ అమ్మ, పెద్దమ్మ, అవ్వ, రెడ్డమ్మ. కొత్తగా వచ్చిన నర్సమ్మ పేరు పెట్టి పిలిస్తే, ఆమె గుర్తుపట్టకపోగా అవమానపడుతుంది. వరసే ఆమె ఎవరో చెప్పేది. కొడుకును చూసి "నువ్వు మా అన్నవు గదా" అందనుకోండి. కాదని నాలుగుసార్లు దిద్దడంలో ఎవరికీ లాభం లేదు. అన్న మీద ఆమెకెంత నమ్మకముందో ఆ నమ్మకమంతా ఇప్పుడు కొడుక్కి ఇచ్చింది. పుచ్చుకోవచ్చు.

మరి అబద్ధం మాటేమిటి? పోయిన భర్త కోసం "మా ఆయన ఇంకా రాలేదేంది" అని వాకిట్లో నిలబడితే ఏం చెప్పాలి? పోయాడని చెప్తే ఆమెకు ఆ చావు కొత్తగా జరుగుతుంది, రోజూ జరుగుతుంది. "వస్తాడులే, నువ్వు తిను" అంటే మోసమంటుంది కిట్‌వుడ్ పట్టిక. నా మట్టుకు నేను మధ్యదారి చెప్తాను: "ఆయనకు ఏం కూర ఇష్టమమ్మా?" అని అడగండి. ఆయన గురించి మాట్లాడనివ్వండి. మాట్లాడేసరికి వాకిట్లోంచి లోపలికి వస్తుంది చాలాసార్లు. అన్నిసార్లూ రాదు. రానప్పుడు ఆ చిన్న అబద్ధమాడిన కోడల్ని నేను తప్పు పట్టను.

ఇంటికి పోతానన్న మనిషిది ఇంకా కష్టం. సోమశిల డ్యాము కింద మునిగిన పల్లెలు చాలావరకు కడప వైపువి. ఆ ముంపు ఊళ్ళ నుంచి లేచి వచ్చిన కుటుంబాల్లో ఒక వృద్ధుడు "మా ఊరికి పోతా" అని చెప్పులేసుకుంటే, ఆ ఊరు 78 టీఎంసీల జలాశయం అడుగున ఉందని ఏ ముఖంతో చెప్తాం? ఊరి గుడి, బావి, పక్కింటివాళ్ళ సంగతి అడగండి. కాసేపు ఆయనతో పాటు నడిచి, తిప్పుకుని రండి. సాయంకాలం పొద్దు వాలే వేళ చాలామందిలో ఈ గాబరా పెరుగుతుంది. ఆ వేళకు ముందే లైట్లు వెయ్యడం, టీవీ గొంతు తగ్గించడం, మూత్రం, ఆకలి, నొప్పి ఏదైనా ఉందేమో చూడటం తెలివైన పని. హఠాత్తుగా ఒకటి రెండు రోజుల్లో మనిషి తారుమారైతే మాత్రం డిమెన్షియా అనుకుని ఊరుకోకండి. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్త మాత్ర ఇవి చూడాలి. వెంటనే ఆస్పత్రికి.

ఆత్మకూరు సభలో ఏ.ఎస్.పేట దర్గా మాట ఎత్తకుండా ఉండలేను. మతి చలించినవాళ్ళను తీసుకొచ్చి రోజుల తరబడి అక్కడ ఉంచడం హిందువులు, ముస్లింలు ఇద్దరిలోనూ పాత ఆనవాయితీ. నమ్మకాన్ని నేను వెక్కిరించను. ఇంట్లో ఎవరూ మాట్లాడని మనిషికి అక్కడ నలుగురి పక్కన చోటు, పూటకు తిండి దొరకడం చిన్న విషయం కాదు. నా అభ్యంతరం గొలుసుకు, తాడుకు, బయటి నుంచి వేసిన గడియకు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎరవాడిలో ఒక ప్రైవేటు ఆశ్రమం అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల పారిపోలేక 28 మంది కాలిపోయారు. మానసిక రోగుల్ని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి చట్టం నిషేధించింది. కానీ పల్లెల్లో మంచం కోడుకు కట్టిన తాడును ఏ చట్టమూ చూడదు. కట్టేసే ఇల్లు దుర్మార్గుల ఇల్లు కానక్కర్లేదు. అది పగలంతా కూలికి పోయే ఇల్లు.

అందుకే చివరగా డబ్బు మాట. నెల నెలా ఒకటో తేదీన సచివాలయం ఉద్యోగి పింఛను పట్టుకుని ఇంటి గుమ్మం దాకా వస్తున్నాడు. గోవాలో ఇంటింటికీ మనుషుల్ని పంపడానికి ఎంతో ఏర్పాటు కావలసి వచ్చింది. మనకు ఆ నడక ఇప్పటికే ఉంది. ఆ రోజు ఒక్క ప్రశ్న అదనంగా అడిగితే చాలు, ఏఎన్ఎంకు పేరు చేరుతుంది. సారా ఉద్యమం వెంట ఈ జిల్లాలో పుట్టిన పొదుపు సంఘాలు వారానికి ఒక గంట ఒకామె పక్కన కూర్చునే వంతులు వేసుకోగలవు. ఇంతకంటే కష్టమైనవే చేశారు. వృద్ధుల కోసం 14567, మనసు బాగోలేని కోడలి కోసం 14416 నంబర్లు ఉన్నాయి, గోడ మీద రాయించండి.

కానీ సంఘాలు చెయ్యలేనిది ఒకటుంది. 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసాలో వృద్ధుల పింఛను 4,000, దివ్యాంగులకు 6,000, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకు 15,000 రూపాయలు. మంచాన పడ్డ మనిషిని పక్కింటామెకు అప్పగించి కోడలు రెండు గంటలు పొలం పోయి రావచ్చు. డిమెన్షియాతో నడిచే మనిషిని అలా వదలడానికి లేదు. బావి ఉంది, రోడ్డు ఉంది, గ్యాసు పొయ్యి ఉంది. కూలి పోయేది మనిషి ఇలా నడిచే ఏళ్ళలోనే, తాడు వచ్చేదీ ఈ ఏళ్ళలోనే. పింఛను కొలత మాత్రం కాళ్ళు ఆడుతున్నాయా లేదా అని చూస్తుంది. రోజుకు ఎన్ని గంటలు ఒక మనిషి కనిపెట్టుకుని ఉండాలి అన్నది కొలతగా పెట్టమని ఈ సభ తరఫున ఒక అర్జీ రాశాం. సంతకాల కాగితం ద్వారం దగ్గర బల్ల మీద ఉంది. అక్షర దీపంలో సంతకం నేర్చుకున్నవాళ్ళు వేలిముద్ర వెయ్యకండి.